హారతికి తొందరలేదు

కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో ఆయనంత అపశ్రుతిగా పాడిన మనిషి ఇంకొకరు లేరు. మేం కోడళ్లం ఆయన పాట కోసం ఎదురుచూసినంతగా ఏ పాట కోసమూ ఎవరూ ఎదురుచూసి ఉండరు. రెండూ నిజమే.

మొన్న ఊరి పక్కనున్న బడ్జ్‌బడ్జ్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "మా బాబు ఎలిపోనాడే చెల్లీ. నిద్దట్లోనే. ఏ బాదా పడనేదు. దినంనాడు భజన పెడతన్నాం. మన పాత లైనోళ్లందరూ రావాల" అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తుంటే మధ్యలో నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వుతున్న అత్తగారిని చూసి మా కొత్త కోడలు హడలిపోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆయనకో పేరుంది కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. మావాళ్లకి భజన తాత, బెంగాలీలకి భజన్‌దా. డాక్‌లో బరువులెత్తే వించి యంత్రం పక్కన నిలబడి కేకలేసే పని ఆయనది. ఓడలోంచి బరువు కిందికి దించేటప్పుడు "ఆరియా!" అని అరవాలి. పైనుంచి సరుకు దిగుతోంది, కిందనున్న కళాసీలంతా పక్కకి తప్పుకోండని దానర్థం. ఏళ్ల తరబడి ఆ కేక వేసీ వేసీ ఆయన గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఉండేది. ఆ గొంతుతో ఆయన రాముణ్ని పిలిచేవాడు. శ్రుతి ఒక రేవులో ఉంటే తాళం ఇంకో రేవులో ఉండేది.

పైగా ఆయన ఎర్రజెండా యూనియన్‌లో పాతకాపు. ఊరేగింపంటే ముందు వరసలో ఉండేవాడు. దేవుడి మాట ఎత్తితే మీసం కిందనుంచి నవ్వేవాడు. అలాంటివాడు భజన ఎందుకు పెట్టాడో తెలియాలంటే మా క్వార్టర్లు ఎలా ఉండేవో చెప్పాలి.

వరసగా ఇళ్లు, ఆ వరసనే లైననేవాళ్లం. ఇల్లంటే ఒక్కటే గది, ముందు చాప పట్టేంత వరండా. ఆ గదిలోనే అత్త, మామ, ఆడపడుచు, మరిది, మొగుడు, పెళ్లాం, పెళ్లాం తెచ్చుకున్న ట్రంకు పెట్టె. కొత్తగా పెళ్లయినవాళ్లని పెద్దలు పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించేవారు. ఆ పిల్లాపాపలు ఎలా వస్తారన్నది మాత్రం ఎవరికీ పట్టేది కాదు. దీవించిన అత్తగారే గది నడిమధ్యన మంచం వేసుకుని పడుకునేది.

తాత ఒకసారి యూనియన్ మీటింగులో లేచి, "బోనస్ అడిగినాం, బూట్లు అడిగినాం, వానకోట్లు అడిగినాం. రెండో గది అడగడం మర్సిపోనాం" అన్నాడట. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారట. నవ్వాక ఆ కోరికని వచ్చే మీటింగుకి వాయిదా వేశారు. తాత మాత్రం వాయిదా వేయలేదు. ఆ శనివారం సాయంత్రమే యూనియన్ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో రామభజన మొదలుపెట్టాడు.

భజనకి ఆయన పెట్టిన నియమాలు చూడండి. అత్తలూ మామలూ పిల్లలూ తప్పకుండా రావాలి. కోడళ్లకి ఇంటిపని ఉంటుంది కనక రానక్కర్లేదు. పెళ్లయిన కొడుకులు డాక్‌లో అలిసిపోయి ఉంటారు కనక అసలు రాకూడదు. హారతి కళ్లకద్దుకోకుండా లేచినవాళ్లకి పుణ్యం దక్కదు. హారతి అయితేగానీ గుగ్గిళ్లు పంచరు. ఈ చివరి రెండూ ఆయన తెలివికి గుర్తులు. హారతి ఎప్పుడివ్వాలో నిర్ణయించేది ఆయనే మరి. లైనులో కొత్త పెళ్లికొడుకులు ఎక్కువగా ఉన్న ఏడాది హారతి మరీ ఆలస్యమయ్యేదని చెప్పుకునేవారు.

ఇదంతా ఎందుకోసమో కొడుకులకి తెలుసు, కోడళ్లకి తెలుసు. అత్తలకి మాత్రం తెలియదనుకునేవాళ్లం.

ఒకడు శనివారం సాయంత్రం ఇంటికెళ్లకుండా పేకాటలో కూర్చుంటే తాత భజన మధ్యలో తాళాలు కిందపెట్టి వెళ్లి చెవి పట్టుకున్నాడు. "ఎవడి కోసంరా నాను గొంతు సింపుకుంటన్నాను? ఎల్లు, ఇంటికెల్లు!" అని ముక్కలు లాక్కుని తరిమేశాడు. వాడి భార్యే ఆ మాట నవ్వుతూ లైనంతా చెప్పింది.

షెడ్డు గోడకి యూనియన్‌వాళ్లు తగిలించిన గడ్డాల నాయకుల పటాలు రెండు వేలాడేవి. ముసలమ్మలు వాటిని చూసి, "ఈ మునులెవరు తాతా?" అని అడిగారట. "ఈల్లూ లోకం కోసం తపస్సు సేసినోల్లే" అన్నాడట ఆయన. అంతే, మరుసటి వారానికి ఆ రెండు గడ్డాల పైనా కుంకుమ బొట్లు పడ్డాయి. ఆదివారం పొద్దున మీటింగుకి వచ్చిన బెంగాలీ కామ్రేడ్లు ఆ బొట్లు చూసి తాతని నిలదీశారు. నువ్వు దేవుణ్ని నమ్ముతావా లేదా తేల్చి చెప్పమన్నారు. ఆయన తడిగుడ్డతో బొట్లు తుడుస్తూ, "దేవుడున్నాడో నేడో నాకు తెల్దు దాదా. గది ఒకటేనని మాత్రం తెలుసు" అన్నాడు. అప్పట్నుంచి శనివారం బొట్టు పెట్టడం అత్తల పని, తుడవడం ఆయన పని.

నేను శ్రీకాకుళం పక్కనుంచి కాపురానికి వచ్చేనాటికి ఈ ఏర్పాటు బాగా పాతుకుపోయింది. మా ఇంట్లో మాత్రం పప్పులుడకలేదు. మా మామగారు అప్పటికే లేరు, ఉన్న అత్తగారు భజనకి వెళ్లేది కాదు. ఆవిడది గట్టి పిండం. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఆ చుట్ట తియ్యకుండానే ఎవరికైనా నాలుగు మాటలు అంటించేది. "ఆడి పాట ఇనడం కన్నా ఓడ కూత ఇనడం నయం" అని మంచం దిగేది కాదు.

ఇక మా ఆయన. పెళ్లయ్యాక నెలలు గడిచినా నాతో ఆయన మాట్లాడిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అన్నీ ఉప్పు గురించో నీళ్ల గురించో. తలొంచుకుని తినేవాడు, తలొంచుకుని డ్యూటీకి పోయేవాడు, వచ్చి వరండాలో చాప వేసుకునేవాడు. నేను అత్తగారి మంచం పక్కన కింద పడుకునేదాన్ని. ఆవిడ దగ్గితే లేచి నీళ్లిచ్చేదాన్ని. నాకు పెళ్లయింది అత్తగారితోనా ఆవిడ కొడుకుతోనా అని అనుమానం వచ్చేది. ఆషాఢానికి మా అన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్తాడు. వెళ్తే మళ్లీ రాకూడదని నిశ్చయించుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కానీ నా మొహం చెప్పేసినట్టుంది.

ఎందుకంటే ఒకనాడు తాత మా గుమ్మంలోకొచ్చి నావైపు ఒక్కచూపు చూసి, మా అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అప్పా, నాకు పాట రాదు. అందరూ నవ్వుతన్నారు. నీకు ఊల్లో పెద్ద పాటకత్తెవని పేరుండేదంట. నువ్వొచ్చి పాడకపోతే భజన మూసేత్తాను" అన్నాడు. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. అది తీసిందంటే మెత్తబడినట్టే. "నీకు పాట రాదని ఇప్పుడు తెలిసిందేటి?" అంది. శనివారానికి ఉతికిన చీర కట్టుకుంది.

అలా గది మాదయింది. అయితే ఏం లాభం? మొదటి శనివారం మా ఆయన రేడియో విప్పి కూర్చున్నాడు. రిపేరట. నేను పొయ్యి దగ్గర ఇత్తడి గిన్నె తోముతూ కూర్చున్నాను. దూరం నుంచి మా అత్తగారి పాట, మధ్యమధ్యలో తాత గొంతు. హారతి అయింది, ఆవిడ వచ్చేసింది. రెండో వారమూ రేడియో, గిన్నె. మూడో వారమూ అంతే. తాత దారిలో కనబడి, "ఏటే గుంటా, ఆడు మాటాడతన్నాడా?" అని అడిగితే తలడ్డంగా ఊపాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. "గది ఇప్పించగలను గానీ నోరిప్పించగలనేటి నాను!" అన్నాడు.

ఆషాఢం దగ్గరపడింది. అన్న బయల్దేరుతున్నాడని కబురొచ్చింది. ఆ శనివారం సాయంత్రం అత్తగారు భజనకెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవడం వింత కాదు, ఉండడమే వింత. చీకట్లో రేడియో కనబడదు, గిన్నె కనబడదు. ఇద్దరం ఊరికే కూర్చున్నాం. అప్పుడు ఆయన గొంతు వినిపించింది.

"ఎలితే మల్లీ వస్తావా?"

"రమ్మన్నవాళ్లుంటే కదా" అన్నాను.

రేడియోని పక్కకి నెట్టిన చప్పుడైంది. తర్వాత మెల్లగా, "ఆ రేడియో బాగానే ఉంది" అన్నాడు.

"ఏటి?"

"పాడవ్వనేదు. ప్రతీ శనోరం ఒక తీగ ఊడదీసి మల్లీ పెడతన్నాను. నీతో ఏటి మాటాడాలో తెలక."

నేను ఆపుకోలేకపోయాను. "ఆ గిన్నె కూడా తోమిందే మళ్లీ తోముతున్నాను" అన్నాను. ముందు నేను నవ్వాను. తర్వాత ఆయన. ఆ మనిషికి నవ్వొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకరిని చూసి ఒకరం కాదు, ఒకరి నవ్వు విని ఒకరం నవ్వుతున్నాం.

అదే సమయానికి షెడ్డులో కొంప మునుగుతోంది. ఏం జరిగిందో తర్వాత తాతే చేతులు తిప్పుతూ చెప్పాడు. కరెంటు పోగానే షెడ్డు చీకటైపోయింది. కొవ్వొత్తి దొరక్క, ఒకావిడ వెలుగు కోసమని చేతికందిన కర్పూరం బిళ్ల పళ్లెంలో వేసి అగ్గిపుల్ల గీసింది. భగ్గుమని వెలిగింది. ఇంకేముంది, అలవాటు కొద్దీ అందరి చేతులూ పళ్లెం మీదికి సాగాయి. కళ్లకద్దుకున్నారు, గోవిందా అన్నారు, లేచారు. పిల్లలు గుగ్గిళ్ల మీద పడ్డారు. "హారతి కాదు తల్లీ, దీపం! దీపం!" అని తాత మొత్తుకున్నాడు. "దేవుడి ముందు ఎలిగిన కప్పరం హారతి కాక ఏటవుతాది?" అని మా అత్తగారు చెప్పులేసుకుని అందరికంటే ముందు బయల్దేరింది.

ఇళ్లల్లో ఎవరికీ ఏమీ తెలియదు. తలుపులన్నీ గడియలేసి ఉన్నాయి. తాత పంచె ఎగ్గట్టి వెనక సందులోంచి పరుగందుకున్నాడు. టీకొట్టు దగ్గర కూర్చున్న కామ్రేడ్లు ఆయన్ని చూసి ఎక్కడో నిప్పంటుకుందనుకుని లేచారు. "ఆగున్ నా దాదా, శాశుడి! శాశుడి!" అని అరుచుకుంటూ పోయాడు. నిప్పు కాదు బాబూ, అత్తగార్లు అని. వాళ్లు ఎర్రటి బెంచీల మీద పడి నవ్వడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం సందు మొదట్లోకొచ్చి, గొంతులో ఉన్నదంతా బయటికి తీసి, డాక్‌లో అరిచే అరుపే అరిచాడు.

"ఆరియా! ఆరియా! ఆరియా!"

గదిలో నవ్వుతున్న మా ఆయన ఆ కేక వినగానే ఒక్క ఉదుటున లేచి, నన్ను రెండు భుజాలూ పట్టి లాగి గోడకి అదిమి తాను అడ్డం నిలబడ్డాడు. పైనుంచి బరువేదో దిగుతోందనుకున్నాడు కాబోలు. కళాసీ ఒళ్లు కదా, ఆ కేక వింటే దానంతటదే కదులుతుంది. ఏమీ పడలేదు. ఇద్దరం అలాగే ఉన్నాం. ఆయన నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. సందులో చెప్పుల చప్పుడు వినబడి, దిగుతున్న బరువు మా అత్తగారని అర్థమయ్యాక ఇద్దరికీ మళ్లీ నవ్వు తన్నుకొచ్చింది. ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

చెప్పుల చప్పుడు మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. తలుపు తట్టలేదు. అగ్గిపుల్ల గీసిన శబ్దం వినిపించింది. చుట్ట వాసన. ఆ వెనకే తాత రొప్పు.

"అప్పా... అది హారతి కాదప్పా... నా మాట ఇను..."

"అరవకు" అంది మా అత్తగారు. "ఆడు నవ్వుతన్నాడు."

"ఎవుడు?"

"నా కొడుకు. ఆల్ల అయ్య పోయిన కాడ్నుంచీ ఆడు నవ్వడం నాను ఇన్నేదు."

లోపల మా నవ్వు ఆగిపోయింది. మా ఆయన చేతులు నా భుజాల మీదే ఉండిపోయాయి.

"మరి హారతి అవ్వనేదన్నావు కదా" అంది ఆవిడ. "కూకో. పాడు."

"ఇక్కడా?"

"ఇక్కడే. వొద్దులే, నీ గొంతింటే ఆల్లు జడుసుకుంటారు. నాను పాడతాను, నువ్వు తాళమెయ్యి." ఆ తర్వాత సందు మారుమోగేలా, "ఒలే, ఎక్కడికే ఎలిపోతన్నారు? హారతి అవ్వనేదంట! వొచ్చి కూకోండి!" అని కేకేసింది. ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగిన చెప్పులు మా గుమ్మం వైపు తిరిగాయి.

మా వరండాలోనే భజన సాగింది. గడియ వేసిన తలుపుకి ఇవతల మేమిద్దరం. బయటికి వెళ్లలేం, నవ్వలేం, కదల్లేం. కరెంటు వచ్చాక కూడా ఆవిడ ఆపలేదు. పాట మీద పాట అందుకుంటూనే ఉంది. ఆవిడ ఎంత బాగా పాడుతుందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ సంగతి ఆవిడ నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. మర్నాడు మాత్రం, "లోపల ఉక్క" అని మంచం వరండాలోకి మోయించుకుంది. తర్వాత చలికాలం వచ్చినప్పుడు కూడా కంబళి ముసుగెట్టుకుని లోపల ఉక్కే అనేది. బతికినన్నాళ్లూ ఆ ఉక్క తగ్గలేదు.

ఆషాఢానికి అన్న వచ్చాడు, వెళ్లాను. ఆషాఢం అంత పొడుగని నాకు ఆ ఏడే తెలిసింది. శ్రావణం రాగానే మా ఆయన హౌరా స్టేషన్‌లో నా కోసం నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన, ఏ పనీ లేకుండా, తాత.

తిరిగొచ్చాక ఒకసారి ఆయన్ని అడిగాను, మా కోసం ఇంత అవస్థ ఎందుకు తాతా అని. అప్పటికి ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. తాళాల తాడు ముడి వేసుకుంటూ, "మా గదిలో మా యమ్మ, ఇద్దరు తమ్ముల్లు" అన్నాడు. "మాటాడుకోవాలంటే ఫెర్రీ పడవ ఎక్కీవోల్లం. ఇటునుంచి హౌరాకి, మల్లీ ఇటు. దిగకుండా కూకునీవోల్లం. దాని మొకం నాను తిన్నగా సూసింది గంగ మీదే. ఆ ఫెర్రీలోనే తెలిసింది నాకు, అది నవ్వితే ఒక బుగ్గ మీదే సొట్ట పడతాదని." ముడి బిగించి లేచాడు. "ఒక బుగ్గ మీదే" అని మళ్లీ అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ బొంగురే కనక ఏడుస్తున్నాడో లేదో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తాత దినంనాడు బడ్జ్‌బడ్జ్ వెళ్లాం. మా ఆయన్నీ లాక్కెళ్లాను. ఆయన రిటైరయ్యాక మేం అద్దెకున్న ఇంట్లో రెండు గదులున్నాయి కానీ, మధ్యనున్న గోడ గోడో అట్టముక్కో తెలియదు. మొన్న ఫాల్గుణంలోనే మా అబ్బాయి పెళ్లయింది.

పాత లైను కోడళ్లం అందరం కలిశాం. అందరికీ జుట్టు నెరిసింది, అందరం అత్తలమయ్యాం. "అత్త లేని కోడలు ఉత్తమురాలు" అన్న మన పాత సామెతని ఇప్పుడు ఏ మొహంతో చెబుతామని ఒకరినొకరు ఆటపట్టించుకున్నాం. తాత ఫొటో ముందు కూర్చుని ఆయన పాడిన పాటలే పాడాం. ఆయన పాడినట్టు పాడటం ఎవరివల్లా కాలేదు. పాటలు అయిపోయాయి. ఆయన కూతురు పళ్లెం పట్టుకుని లేచి, "ఇక హారతి ఇచ్చీమంటారా?" అంది.

నేను పక్కావిడ వైపు చూశాను.

"మా ఇంట్లో కొత్త కోడలు" అంది ఆవిడ నేలచూపులు చూస్తూ.

"మా చిన్నోడికి మొన్ననే అయింది" అని ఇంకొకావిడ చీర చెంగు సర్దుకుంది.

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు మా కోడలు, "తొందరగా వచ్చెయ్యండత్తయ్యా" అంది, పాపం మర్యాదకి. మా అబ్బాయి మాత్రం ఆ మాట అనలేదు.

తాత కూతురు అగ్గిపెట్టె తెరిచింది. ఏదో ఒక పాట అందుకుందామంటే, పాడేసినవి కాకుండా ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. అప్పుడు వెనక గోడకి ఆనుకుని కూర్చున్న మా ఆయన, పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నోరు తెరిచి ఎరగని మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని రాముణ్ని అందుకున్నాడు. అచ్చం తాత పాటే. శ్రుతి ఒక రేవులో, తాళం ఇంకో రేవులో.

కూతురు ఆయనవైపు కాసేపు చూసింది. అగ్గిపెట్టె మూసి పక్కన పెట్టి, వచ్చి మా మధ్యలో కూర్చుని తాళాలు చేతిలోకి తీసుకుంది.